బొమ్మల కథ, మనుషుల ఊరు

పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, 2023 నవంబరులో, టోక్యోలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి వద్దకు వెళ్ళడం తటస్థించింది. జపాను యానిమే చిత్రాలంటే ఆమెకు ప్రాణం. ఆ కథల్లో కనిపించే వీధులను వెతుక్కుంటూ వెళ్ళడాన్ని అక్కడి అభిమానులు ‘పుణ్యక్షేత్ర యాత్ర’ అంటారని చెబితే నవ్వాను.

మొదట కామకురా వెళ్ళాం. ‘స్లామ్ డంక్’లో కనిపించే రైల్వే గేటు సముద్రానికి ఎదురుగా, ఇళ్ళ మధ్య ఉంది. 2022 డిసెంబరులో ఆ కథ చలనచిత్రంగా వచ్చాక జనం మరీ పెరిగారట. ఫొటో తొందరలో నేనూ రోడ్డు మధ్యకు వెళ్ళాను. వెనుక ఒక కారు ఆగిపోయింది. అందులోని వృద్ధురాలు ఒక్క మాట అనలేదు. ఆ మౌనానికి సిగ్గుపడ్డాను.

మరుసటి వారం ఓఅరాయి వెళ్ళాం. అది టోక్యోకు ఈశాన్యంగా ఉన్న రేవు పట్టణం. 2011 మార్చి 11న సునామీ నీరు ఊళ్ళోకి వచ్చింది. ఫుకుషిమా అణు ప్రమాద భయంతో ఆ తీరానికి యాత్రికులు రావడం తగ్గింది. చేపలు కొనేందుకూ జనం జంకారు. 2012 అక్టోబరులో ‘గర్ల్స్ ఉంట్ పాంజర్’ ప్రసారమైంది. బడిపిల్లలు క్రీడగా యుద్ధట్యాంకులు నడిపే ఆ కథలో ఈ ఊరి వీధులే రంగస్థలం. వాటిని చూడడానికి అభిమానులు వచ్చారు. దుకాణదారులు ఒక్కొక్క పాత్ర నిలువెత్తు అట్టబొమ్మను తమ గుమ్మం ముందు నిలబెట్టుకున్నారు. తమకిష్టమైన పాత్ర కోసం వచ్చినవారు ఆ దుకాణం వారికి ఆప్తులయ్యారు. కొందరు ఆ ఊళ్ళోనే స్థిరపడ్డారు కూడా.

ఒక చేపల దుకాణంలోని పెద్దావిడ మా అమ్మాయిని చూడగానే గుర్తుపట్టింది. “నీళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ తరువాత ఎవరూ రాకపోవడమే దుర్భరమైంది” అన్నదట. 2014లో హుద్‌హుద్ తుపాను అనంతరం విశాఖలో చీకటి క్వార్టరులో కూర్చున్న నాకు ఆ మాట అర్థమైంది. అప్పుడు ఎవరైనా తలుపు తట్టి పలకరిస్తే ఎంత ఊరటగా ఉండేదో!

రెండు చోట్లా వచ్చినవారు అభిమానులే. కామకురా గేటు వద్ద పలకరించడానికి దుకాణమూ లేదు, కూర్చోవడానికి అరుగూ లేదు. మేము చూసి, ఫొటో తీసుకుని, వెళ్ళిపోయాం. ఓఅరాయిలో బొమ్మ పక్కనే మనిషి ఉన్నారు.

బయలుదేరే ముందు కెమెరా చేతిలోకి తీసుకున్నాను. ఈసారి ముందుగా, “ఫొటో తీసుకోవచ్చునా?” అని ఆ పెద్దావిడను అడిగించాను. ఆమె నవ్వుతూ వచ్చి బొమ్మ పక్కన నిలబడింది.