రైలు బెర్తులో ఓ తల్లి

అమ్మ సెంటిమెంటు సినిమా అంటే మన కుర్రకారుకి చులకన. "బాబోయ్, ఇంటర్వెల్‌కే లేచొచ్చేద్దాం!" అంటారు. అననివ్వండి. ఒక్కసారి 'స్టెల్లా డల్లాస్' చూసొచ్చి ఆ మాట అనమనండి!

1937లో వచ్చిన హాలీవుడ్ చిత్రమిది. దర్శకుడు కింగ్ విడార్. ఆలివ్ హిగిన్స్ ప్రౌటీ నవల దీనికి ఆధారం. 1925లోనే ఓసారి మూకీగా కూడా తీశారు. మిల్లు కార్మికుడి కూతురు స్టెల్లా, పెద్దింటి స్టీఫెన్‌ని పెళ్ళాడుతుంది. పొసగదు. కూతురు లారెల్ తల్లి దగ్గరే పెరుగుతుంది. స్టెల్లాకి కుచ్చులూ, పూసలూ, గలగలమనే గాజులూ ఇష్టం. గొప్పవాళ్ళకి అవి చూస్తే నవ్వు. తన నీడ పడితే పిల్ల బతుకు బాగుపడదని, పిల్ల మనసు విరిగేలా నటించి మరీ తండ్రి దగ్గరికి పంపేస్తుంది. చివరికి వానలో, ఇనుప కటకటాల ఇవతల నిలబడి, కిటికీలోంచి కూతురి పెళ్ళి చూస్తుంది. పోలీసు కదలమంటే వెళ్ళిపోతుంది... నవ్వుతూ!

అందరూ ఆ కిటికీ సీనే చెప్పుకుంటారు. నా ఓటు మాత్రం రైలు సీనుకి. రాత్రివేళ, స్లీపర్ పెట్టె. ఎవరో అమ్మాయిలు స్టెల్లా వేషాన్ని వెక్కిరిస్తుంటారు. తల్లీ వింటుంది, కూతురూ వింటుంది. పిల్ల బెర్తు దిగి వచ్చేసరికి తల్లి నిద్ర నటిస్తుంది. పిల్ల ఏమీ అనదు. పక్కన దూరి పడుకుంటుంది. అంతే!

స్టెల్లాగా బార్బరా స్టాన్‌విక్ ముఖం చూడాలి అక్కడ. లావుగా కనబడ్డానికి బట్టల్లో మెత్తలు పెట్టుకుని నటించిందట. ఆవిడకి నాలుగేళ్ళప్పుడే తల్లి పోయింది. మరి ఆ తల్లిని ఎక్కణ్ణుంచి తెచ్చిందో! నామినేషన్ వచ్చింది గానీ ఆస్కార్ రాలేదు. 1982లో గౌరవ ఆస్కార్ ఇచ్చి సరిపెట్టారు.

మా అమ్మ భవానీపురంలో టిఫిన్ బండి నడిపేది. గొంతు పెద్దది. వీధి ఆ చివర పిలిస్తే ఈ చివర వినబడాల్సిందే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఓ ఆదివారం మా క్లాసు పిల్లలిద్దరు బండి దగ్గరికొచ్చారు. నేను వెనకాల ప్లేట్లు కడుగుతున్నాను, వాళ్ళకి కనబడలేదు. "ఈవిడేనే దాని వాళ్ళమ్మ! మైకెందుకు దండగ!" అని కిసుక్కున నవ్వారు. అమ్మ చేతిలో అట్లకాడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ అట్టు తిరగేసింది. సోమవారం నుంచి నా క్యారేజీ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపోయేది. "లోపలికి రావచ్చుగా అమ్మా" అంటే, "బండి దగ్గరెవరున్నారే?" అనేది. నేనూ విన్నానని ఆవిడకి తెలుసో లేదో. నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మనవాళ్ళని అంతగా ఏడిపించిన తల్లి అంటే 1993 నాటి 'మాతృదేవోభవ'లో మాధవే. అందులో పాటకి మన కృష్ణా జిల్లా పెదకళ్ళేపల్లి వేటూరిగారికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ కథ మలయాళం 'ఆకాశదూత్' నుంచి వచ్చింది. దానికి ప్రేరణ 1983 నాటి ఓ అమెరికా టీవీ చిత్రం. అక్కడ తల్లికి ప్రాణాంతకమైన జబ్బు, అందుకని పిల్లల్ని ఒక్కొక్కర్నీ ఒక్కో ఇంటికి పంచిపెడుతుంది. ఏడుస్తాం, విధిని తిట్టుకుంటాం, ఇంటికొస్తాం. స్టెల్లాకి ఏ జబ్బూ లేదు. కథలో విలనూ లేడు. ఉన్నదల్లా నలుగురి నవ్వు. ఆ నవ్విన నలుగుర్లో మనం లేమని చెప్పగలమా? అందుకే నాకిది ఎక్కువ గుచ్చుకుంది.

ఈమధ్య ల్యాప్‌టాప్‌లో పెట్టి, మాటలు తెలుగులో చెబుతూ అమ్మకి చూపించాను. కిటికీ సీనుకి కళ్ళు చెమర్చలేదు సరికదా, విసుక్కుంది.

"పిచ్చిది! అంతదూరం వచ్చి, లోపలికెళ్ళి రెండక్షింతలు వేసి పోతే ఎవరేమంటారే?"

రైలు సీను మాత్రం మళ్ళీ పెట్టమంది.