రీఛ్ షికార్

ముందే చెప్పేస్తాను, ఎలుగుబంటి గోష్త్ మనకు హరామ్. కోరలతో చీల్చే జాన్వర్ ఏదీ మన దస్తర్‌ఖాన్ మీదికి రాదు. మరి తినని జాన్వర్ షికార్‌కు నువ్వెందుకు పోయినవ్ అని ఇప్పటికే ముగ్గురు దోస్తులు ఫోన్ చేసి అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను.

బాణం వేసింది నేను కాదు. నాకు లైసెన్స్ కూడా లేదు. వేసింది నా దోస్త్, ఆఫీసులో నా పక్క సీటు. ఇక్కడే ఒంటారియోలో పుట్టి పెరిగిన మనిషి. మా అబ్బా నల్లగొండలో ఇంతెఖాల్ అయినప్పుడు నాకు టికెట్ దొరకలేదు. మిట్టీ కూడా ఇవ్వలేకపోయాను. ఆ మూడు రోజులూ అతను మా ఇంటికొచ్చి హాల్లో కింద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు, చాయ్ ఇస్తే తాగేవాడు. పోయిన చలికాలం వాళ్ల నాన్న పోయాడు. తండ్రీకొడుకులు ఇద్దరూ కలిసి పోదామని ముందే పైసలు కట్టిన ట్రిప్ అది. ఖాళీ అయిన ఆ సీట్లో నన్ను కూర్చోమన్నాడు. ఇన్కార్ చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

ఉత్తర ఒంటారియో అంటే రోడ్డుకు రెండు వైపులా స్ప్రూస్ చెట్లు, చెరువులు, మళ్లీ స్ప్రూస్ చెట్లు. మే నెల చివర. మంచు పోయి నల్ల ఈగలు మొదలయ్యే టైమ్. ఆ ఈగ మన దోమ లాగా కుట్టి ఊరుకోదు, చర్మం కొరికి నెత్తురు కార్పిస్తుంది. క్యాంపులో గైడ్, అతని భార్య ఉన్నారు. నేను ముసల్మాన్ అని దోస్త్ ముందే చెప్పాడేమో, ఆమె నా కోసం కొత్త పెనం ఒకటి కొని పక్కకు పెట్టింది. వాలై అనే చేపను అందులోనే వేయించి పెట్టేది. పంది కొవ్వు తగలలేదు అని రోజూ చెప్పేది, నేను అడగకపోయినా.

ఇక షికార్ సంగతి. ఇందులో వెంటపడడం, గుర్రాలు, కుక్కలు ఏమీ లేవు. గైడ్ వారాల ముందు నుంచే అడవిలో ఒక ఇనుప డ్రమ్ము పెట్టి, చెట్టుకు గొలుసుతో కట్టి, దానికో కన్నం కోసి అందులో పాత డోనట్లు, ఓట్స్, బెల్లం పాకం లాంటి మొలాసెస్, హోటళ్లలో వాడేసిన నూనె నింపుతుంటాడు. వాసనకు ఎలుగులు అలవాటు పడతాయి. దానికి ఇరవై గజాల దూరంలో చెట్టు మీద రెండు కుర్చీలు. నడుముకు, భుజాలకు బెల్టు బిగించుకుని అసర్ నుంచి చీకటి దాకా కదలకుండా కూర్చోవాలి. దగ్గరా వద్దు, చప్పుడూ వద్దు.

మొదటి రోజు ఆ డ్రమ్ము చూసి నా దిల్ ఖట్టా అయింది. ఇది దావత్‌కు పిలిచి చంపడం కదా? మెహమాన్‌కు మిఠాయి పెట్టి చెట్టెక్కి కూర్చోవడం. గైడ్‌ను సీదాగా అడిగేశాను. అతనికి కోపం రాలేదు, ఈ సవాల్ చాలామంది వేస్తారట. ఈ జంగల్‌లో పది అడుగుల అవతల ఏముందో కనపడదు, డ్రమ్ము దగ్గరైతే జాన్వర్ నిలబడుతుంది, తీరిగ్గా చూడొచ్చు, ఆడదా మగదా, వెనక పిల్లలున్నాయా చూసి వద్దనుకుంటే వదిలేయొచ్చు అన్నాడు. పిల్లల తల్లిని ఎండాకాలం ముందు సీజన్‌లో కొట్టడం ఒంటారియోలో నేరం. తల్లులు చచ్చి పిల్లలు అనాథలవుతున్నాయనే గొడవ మీదే 1999లో సర్కారు ఈ సీజన్‌ను బంద్ చేసింది. 2014లో కొన్ని చోట్ల చూద్దామని మళ్లీ తెరిచి, 2021లో పక్కా చేసింది. అమెరికాలో ఇదే బహస్‌ను జనం ఓట్లకు పెట్టారు. కొలరాడో జనం 1992లో ఎర పెట్టడాన్ని నిషేధించారు. మేన్ రాష్ట్రంలో 2004లో, 2014లో రెండుసార్లు ఓటింగ్ జరిగితే రెండుసార్లూ ఎర పెట్టేవాళ్లే గెలిచారు. గైడ్ మాటలో దమ్ముంది. అయినా ఆ డోనట్లు చూస్తే నాకు ఇప్పటికీ బాగుండదు.

విల్లు గురించి నేను అనుకున్నది వేరు. ఇది మన పురాణాల బొమ్మల్లోని ధనుస్సు కాదు. రెండు కొనలకూ చక్రాలుంటాయి. లాగేటప్పుడు అరవై పౌండ్ల బరువు, పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి 80 శాతం దాకా బరువు తగ్గిపోతుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి ఆగొచ్చు. బాణం మొనకు బ్లేళ్లు. తుపాకీ గుండు లాగా ధక్కా ఇచ్చి పడేయదు, కోసుకుంటూ పోతుంది. నెత్తురు పోయి జాన్వర్ పడిపోతుంది. ఒక రకంగా జబహ్‌కు దగ్గర పని. అది విన్నప్పుడు నాకు అదీ బిన్ హాతిమ్ యాదికొచ్చాడు. మన హాతిమ్ తాయి ఉన్నాడు కదా, సఖావత్‌కు మారుపేరు, ఆయన కొడుకు. షికార్ గురించి రసూలుల్లాను (స) గుచ్చిగుచ్చి అడిగిన సహాబీ. కర్ర పదునైన వైపు తగిలితే తినొచ్చని, అడ్డంగా తగిలి దెబ్బకు చస్తే తినొద్దని, నీళ్లలో పడి చచ్చి దొరికితే బాణానికి చచ్చిందో నీళ్లకు చచ్చిందో తెలియదు కాబట్టి వదిలేయమని ఆయనకు దొరికిన జవాబుల సారం. మద్రసాలో చదివినప్పుడు ఇవన్నీ ఎందుకురా అనిపించింది. కెనడా అడవిలో ఒక గోరా గైడ్ బాణం ఎక్కడ తగలాలో, తగిలాక ఎంతసేపు ఆగాలో, ఎట్లా వెతకాలో గంట సేపు చెబుతుంటే, ఈ పరేషానీ అంతా అప్పుడే ఒకాయన పడ్డాడు కదా అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఒక తల్లి వచ్చింది. చప్పుడే లేదు. అంత బరువు జాన్వర్ ఎండాకుల మీద నడిస్తే మన పిల్లి నడిచినంత కూడా వినపడలేదు. వెనక రెండు పిల్లలు. చలికాలంలో గుహలో పుడతాయి, పుట్టినప్పుడు అరచేతిలో పడతాయట. ఇప్పుడు కుక్కపిల్లలంత ఉన్నాయి. ఒకటి డ్రమ్ములో తల దూర్చింది, ఇంకొకటి మా పక్క చెట్టెక్కి మాకు సమానంగా వచ్చి మా వైపే చూసింది. దోస్త్ విల్లు కొక్కేనికే వేలాడుతోంది. అతను ముట్టుకోలేదు. తల్లి ఒక్కసారి ముక్కుతో ఫూ అన్నది, పిల్ల జారుకుంటూ దిగిపోయింది.

అక్కడ రోజంతా పొద్దు గూకదు. మగ్రిబ్ రాత్రి 9 దాటితే గానీ రాదు. అసర్ కిందే చదువుకుని ఎక్కేవాణ్ణి. ఖిబ్లా ఈశాన్యం వైపు, అంటే సరిగ్గా డ్రమ్ము వైపు. నమాజ్‌లో ఉన్నప్పుడు ఎలుగొస్తే ఎట్లా అని దోస్త్ అడిగాడు. సలామ్ తిప్పేదాకా ఆగమను అన్నాను. ఆ ట్రిప్‌లో అతను పగలబడి నవ్వింది అదొక్కసారే.

నాలుగో రోజు వచ్చింది మగది. గైడ్ నేర్పినట్టు చెవులు చూశాను. చిన్న ఎలుగుకు చెవులు పెద్దగా, నిటారుగా కనిపిస్తాయి. పెద్దదానికి తల వెడల్పై చెవులు పక్కకు పోయి చిన్నవైపోతాయి. దీని చెవులు ఎక్కడున్నాయో వెతకాల్సొచ్చింది. పక్కకు తిరిగేదాకా దోస్త్ ఆగాడు. ఐదు నిమిషాలో పదిహేను నిమిషాలో. ముందరి కాలు ముందుకు వేసినప్పుడు లాగాడు. బాణం వదిలిన క్షణంలో నా నోటి నుంచి బిస్మిల్లా వచ్చింది. నాది కాని బాణం మీద, తినరాని జాన్వర్ మీద. ఎందుకొచ్చిందో మీరే చెప్పండి.

అది ఉరికింది. కొమ్మలు విరిగిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత మూలుగు. ఎలుగు ప్రాణం పోయేటప్పుడు పొడుగ్గా, మనిషి లాగా మూలుగుతుందని గైడ్ ముందే చెప్పాడు. చెప్పినా లాభం లేకపోయింది. మా నానా ఆఖరి రాత్రి అట్లాగే మూలిగాడు. దోస్త్ మొహం మీద కన్నీళ్లు, ఈగలు కుట్టిన నెత్తురు కలిసి కారుతున్నాయి. వాళ్ల నాన్న కోసమా, ఎలుగు కోసమా నేను అడగలేదు.

అరగంట ఆగి టార్చులతో వెతికాం. మందపాటి వెంట్రుకలు, కొవ్వు నెత్తుటిని పీల్చేస్తాయి, నేల మీద చుక్కలు తక్కువ. అరవై అడుగుల లోపే దొరికింది. గైడ్ పొడుగు కర్రతో కన్ను తాకి చూశాడు, కదల్లేదు. తెల్లారి తోలు ఒలిచారు. తోలు తీసిన ఎలుగును చూడకపోతేనే మంచిది. చేతులు, ఛాతీ అచ్చం మనిషే. గోష్త్ మొత్తం కోసి ఐసు డబ్బాల్లో పెట్టారు. తినదగిన గోష్త్‌ను అడవిలో పారేయడం ఇక్కడ చట్టానికి విరుద్ధం. అందులో పురుగులుంటాయని, 71 డిగ్రీల దాకా ఉడకాల్సిందేనని, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన చావవని గైడ్ భార్య రెండుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చి అమ్మీకి ఫోన్‌లో అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "వాళ్లు గోష్త్ తింటరా బేటా?" అన్నది. తింటారు అమ్మీ అన్నాను. "ముక్కుకు తాడు ఉండెనా దానికి?"

లేదు అమ్మీ, అడవిలోది.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మా ఊరికొచ్చే ఖలందర్ సంగతి తీసింది. నాకూ కొంచెం యాదుంది. డమరు వాయిస్తూ రీఛ్‌ను ఆడించేవాడు. మూతికి కన్నం పొడిచి అందులోంచి తాడు, తాడు గుంజితే రెండు కాళ్ల మీద నిలబడేది. పిల్లలకు డర్ పోతుందని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు. నన్నూ కూర్చోబెట్టారు. దాని వెంట్రుకలు పెట్టిన తావీజ్ నా మెడలో రెండేళ్లు ఉందట. 1972 చట్టం తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ ఆట నడిచింది. ఆ ఖలందర్ కూడా మనోడే, కడుపు కోసం చేసిన పని, అతన్ని నేనేమీ అనను. "దాని ముక్కు నుంచి చీము కారుతుండె బేటా, నేనే నిన్ను ఎత్తి కూర్చోబెట్టిన" అన్నది అమ్మీ. నా దోస్త్‌ను ఒక్క మాట కూడా అనలేదు.

వినేటోళ్లలో ఎవరో తప్పకుండా అంటారు, అది కడుపు కోసం, ఇది షోఖ్ కోసం అని. నిజమే, షోఖ్ కోసం జాన్ తీయడం మన దీన్‌లో లేదు. కానీ నా దోస్త్ ఆ గోష్త్‌ను వారానికి రెండు రోజులు వండుకుంటున్నాడు. డబ్బాలో తెచ్చుకుని నా పక్కనే కూర్చుని తింటాడు, నా డబ్బాకు తగలకుండా కొంచెం దూరం జరిగి. నేను కొనే చికెన్ ఏ షెడ్డులో, ఎన్ని అంగుళాల జాగాలో పెరిగిందో హలాల్ స్టిక్కర్ మీద రాసి ఉండదు.

అక్టోబర్‌లో జింక సీజన్. జింక హలాల్. షికారీ కోర్సుకు ఫీజు కట్టేశాను. దోస్త్ వాళ్ల నాన్న విల్లు నాకిచ్చాడు, బరువు తగ్గించి నలభై ఐదు పౌండ్లకు తెచ్చాడు. రోజూ ఇషా తర్వాత గ్యారేజ్‌లో ఖాళీ విల్లు లాగి, మెల్లగా మళ్లీ వెనక్కి వదులుతున్నాను. పన్నెండోసారికి భుజం వణుకుతోంది.