వంతెన బెజవాడలో, బరువు మైలవరంలో

కనకదుర్గ ఫ్లైఓవర్ మీద తీసిన రీల్ మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. ఒకపక్క ఇంద్రకీలాద్రి, ఇంకోపక్క కృష్ణమ్మ, మధ్యలో ఆరు వరసల రోడ్డు. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఆ వంతెన కట్టినన్నాళ్లూ కొంత బరువు మా మైలవరం కూడా మోసింది. ఆ సంగతి ఏ రీల్‌లోనూ కనబడదు.

2015 డిసెంబర్‌లో శంకుస్థాపన. 2016 ఆగస్టులో వచ్చే కృష్ణా పుష్కరాలకల్లా అయిపోవాలన్నారు. తీరా ప్రారంభమైంది 2020 అక్టోబర్ 16న. ఆ చోటే అంత ఇరుకు మరి. కొండకీ నదికీ మధ్య ఉన్న సందులోంచే హైదరాబాద్ హైవే పోవాలి, అమ్మవారి గుడికొచ్చే జనమూ పోవాలి. కింద రోడ్డుకి చోటు మిగలాలని ఒంటి స్తంభాలు వేశారు. వాటి మీద వెన్నెముకలా మధ్య దిమ్మెలు, అటూ ఇటూ రెక్కలు. దీన్నే ‘స్పైన్ అండ్ వింగ్’ అంటారు. దిమ్మెల్ని ముందే పోతపోసి, తెచ్చి, ఒకదానికొకటి చేర్చి, లోపల ఉక్కు తీగలు పెట్టి జాకీలతో లాగి బిగిస్తారు. ఆ బిగువు మీదే వంతెన నిలబడుతుంది.

మరి పనులప్పుడు లారీలు ఎటు పోవాలి? వైజాగ్ వైపు వెళ్లే భారీ వాహనాల్ని ఇబ్రహీంపట్నం దగ్గరే తిప్పేసేవాళ్లు. జి.కొండూరు, మైలవరం, నూజివీడు, హనుమాన్ జంక్షన్... అంటే మా గుమ్మం ముందు నుంచే.

రాత్రి లారీ వెళ్తే గూట్లో గిన్నెలు గలగలలాడేవి. అప్పుడు తమ్ముడు ఏడో తరగతి, సైకిల్ మీద బడికి పోయేవాడు. ఒకరోజు లారీకి దారివ్వబోయి మట్టిలోకి దిగి పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది, అంతే. ఆ సాయంత్రమే అమ్మ సైకిల్‌కి తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో పడేసింది.

అదే అమ్మ ఇంటి ముందు బల్ల వేసి ఆ లారీల వాళ్లకే టీ అమ్మింది. నా ఇంజినీరింగ్ పుస్తకాలు, బస్ పాసు ఆ బల్ల మీద వచ్చినవే. “వీటిని తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలీట్లేదే” అనేది.

ఫ్లైఓవర్ మొదలయ్యాక లారీలు తగ్గాయి. టీ బేరమూ తగ్గింది. అమ్మ తాళంచెవి బయటికి తీసేసరికి ఆ సైకిల్ తమ్ముడికి పొట్టిదైపోయింది.

ఆ తర్వాత గొల్లపూడి నుంచి చినఅవుటపల్లి దాకా 30 కిలోమీటర్ల బైపాస్ వచ్చింది. లారీలు బెజవాడలో దూరకుండా, మా ఊరూ తొక్కకుండా పోవడానికి అసలు దారి అది. మంచిదే. కానీ అలాంటి ప్రతి రోడ్డుకీ, హైవేలు కలిసే చోట కట్టే ప్రతి వంతెనకీ, పని జరిగినన్నాళ్లూ ఏదో ఒక మైలవరం కావాల్సిందే.

ఇప్పుడు నేనూ ఒక వంతెన పనిలో సైట్ ఇంజినీర్‌ని. డైవర్షన్ మ్యాప్ రాగానే అందరూ ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో చూస్తారు. నేను ఆ గీత మీదున్న ఊళ్ల పేర్లు చదువుతాను. బడి ఎక్కడుంది, ఎన్నింటికి వదులుతారు అని అడుగుతాను. మొన్న అలా అడిగాకే ఒక ఊళ్లో బడి ముందు ఇద్దరు జెండా మనుషుల్ని పెట్టారు. డ్రాయింగ్‌లో వాళ్లకి చోటు లేదు. రోడ్డు మీద మాత్రం ఉంది.