చందమామ మీగడ

చంద్రుడు తపస్సు చేసిన కొండ కాబట్టే చంద్రగిరి అయిందంటారు. ఆ చందమామ తొలినాళ్ల గురించి ఆధారాలు అందించిన నౌక కూడా ఇదే తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే బయల్దేరింది, 2023 జులై 14న!

సూర్యుడి చుట్టూ తిరిగే ధూళి ముద్దకట్టి, ముద్దలు ఢీకొని గ్రహాలయ్యాయి. ఆ తాకిళ్ల వేడికి అంతా కరిగింది. బరువైన ఇనుము బంగారాన్నీ వెంటేసుకుని భూమి నడిబొడ్డుకు దిగిపోయింది. చంద్రుడి మీదైతే తేలికైన తెల్లటి ఖనిజం పాలమీద మీగడలా పైకి తేలి గట్టిపడిందని శాస్త్రవేత్తల ఊహ. అపోలో వ్యోమగాములు తెచ్చిన రాళ్లే దానికి ఆధారం. కానీ వాళ్లు దిగినవన్నీ మధ్యరేఖకు అటూ ఇటూ ప్రాంతాలే. మరి దక్షిణాన?

ప్రజ్ఞాన్ రోవర్ అక్కడ వంద మీటర్లు తిరిగి, 23 సార్లు మట్టిని పరీక్షించింది. చెయ్యి పెట్టకుండానే! అహ్మదాబాద్‌లో తయారైన పరికరం కిరణాలు వదిలితే, ఒక్కో మూలకం తనదైన ఎక్స్‌ కిరణంతో బదులిస్తుంది. 2024 ఆగస్టులో ఫలితాలు వెలువడ్డాయి. అక్కడా అదే మీగడ. అంటే ఒకనాడు చందమామ మొత్తం కరిగిన రాతి సముద్రమేనన్న వాదనకు బలం చేకూరింది.

మన నేలమీద ఆ తొలి పొర మిగల్లేదు. భూమి తన రాళ్లను మళ్లీమళ్లీ కరిగించి పోతపోసుకుంది. చంద్రగిరి కోటను మోస్తున్న గ్రానైటూ అలా పుట్టిందే. ఈ ప్రాంతపు గ్రానైట్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. చందమామ వయసు 440 కోట్లకు పైమాటే.

అన్నట్టు, ప్రజ్ఞాన్‌కు అనుకున్నదానికన్నా మెగ్నీషియం ఎక్కువ దొరికింది. ఎప్పుడో ఓ పెద్ద గ్రహశకలం గుద్దితే లోపలి పదార్థం ఎగజిమ్మిందట. మీగడ కిందిపాలూ కాస్త చిందాయన్నమాట.