ఆదోని నుండి ఎమ్మిగనూరుకు డీజిల్ ఆటోలో

ఫజర్ నమాజు ముగించుకొని ఆదోని షాహీ జామియా మస్జిద్ నుండి వెలుపలికి వచ్చాము. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల తరఫున ఈ ప్రాంతాన్ని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన మస్జిదు ఇది. మినార్లపై ఎండ ఇంకా పడనేలేదు, వీధిలో అప్పుడే డీజిల్ పొగ కమ్ముకొంది.

ఎమ్మిగనూరు సుమారు 30 కిలోమీటర్లు. ఒకప్పుడు మా మదరసాలో చదువుకున్న యువకుని ఆటోలోనే ఎక్కాము. పక్కనున్న వృద్ధురాలు దారి పొడవునా కొంగుతో ముక్కు మూసుకునే కూర్చున్నది. దారిలోని హానికర వస్తువును తొలగించటం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఈ పొగ కూడా అలాంటి హానియే కదా అనిపించింది.

"హజ్రత్, ఇంజన్ బోరు చేయించాలంటున్నారు. దానికి డబ్బు పోసేకంటే బ్యాటరీ బండిగా మార్పిస్తే మేలా?" అని అతడు అడిగాడు.

ఇంజను, ట్యాంకు, సైలెన్సరు తీసివేసి మోటారు, కంట్రోలరు, లిథియం బ్యాటరీ అమర్చటమే ఈ మార్పు. బండి చట్రం పాతదే ఉంటుంది గనుక వృథా తగ్గుతుంది. హైదరాబాదులో రేస్‌ఎనర్జీ సంస్థ పాత ఆటోలకు ఇటువంటి కిట్లు రూపొందించింది. కరెంటు ఎక్కడిదనే ప్రశ్నకు మన సీమలోనే కొంత జవాబున్నది: గని, శకునాల గ్రామాల వద్ద 2017లో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు సిద్ధమైంది.

అయితే ఒక మెకానిక్ కాగితాలేవీ లేకుండా చవకగా మార్చి ఇస్తానన్నాడట. మేము వారించాము. ఏఐఎస్ 123 ప్రమాణం ప్రకారం, పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్‌నే అమర్చాలి. ఆర్టీఓ కార్యాలయంలో ఆర్సీలో మార్పు నమోదు చేయించాలి. బీమా సంస్థకూ తెలియజేయాలి. ఎక్కిన ప్రతి ప్రాణమూ నడిపేవాని చేతిలో అమానతు. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో నాసిరకం బ్యాటరీ ఆ అమానతుకు ద్రోహమే.

"మరి డబ్బు? వడ్డీకి తప్ప ఎవరూ ఇవ్వరు" అన్నాడతడు. మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

ఎమ్మిగనూరులో దిగాక ఆ జవాబు స్ఫురించింది. నేతన్నలకు అండగా 1938లో మాచాని సోమప్పగారు ఇక్కడే చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. విడివిడిగా నిస్సహాయులైనవారు కలిసి నిలబడ్డారు. మన ఆటో సోదరులు పదిమంది నెలనెలా కొంత కూడబెట్టి, వంతులవారీగా ఒక్కొక్కరికి ఖర్జె హసనాగా ఇచ్చుకోలేరా? మొదటి బండి తిరగటం మొదలైతే, మిగిలిన డీజిల్ ఖర్చులోంచి కొంత తిరిగి నిధిలో చేరుతుంది. వడ్డీ ప్రసక్తే రాదు.

తిరుగు ప్రయాణంలో అతనికి ఈ మాట చెప్పాము. తోటి డ్రైవర్లను జుమా తరువాత మస్జిదుకు తీసుకొస్తానన్నాడు. మొదటి నెల చందా మేము కూడా వేస్తామన్నాము. ఇన్షా అల్లాహ్, ఆ వృద్ధురాలు కొంగు అడ్డం పెట్టుకోనవసరం లేని రోజు వస్తుంది.