ఒక యంత్రమున పెక్కు యంత్రములు

విజయవాడ ఆటోనగరునందు పనిచేయు మెకానిక్కు చెడిన ఇంజనును జూచి భయపడడు. దానిని విప్పును, భాగములను వరుసగా పేర్చును, లోపమును కనిపెట్టి మరల బిగించును. చిన్ననాట విప్పనిచ్చినవారు ఉండుటచేతనే అతనికి ఆ విద్య అబ్బినది. మన పాఠశాలకు వచ్చు పిల్లలలో పెక్కుమంది ఇట్టి పనివారి బిడ్డలే. ఇంటివద్ద స్పానరు పట్టుటకు వెరవని ఆ చేతులు కంప్యూటరు గదిలో మాత్రము ముడుచుకొనియుండుట నేను పలు సంవత్సరములుగా చూచుచున్నాను. ఒకరు అమరికలు మార్చి యంత్రమును నిలిపివేసినయెడల, తరువాతి తరగతివారి పాఠమును నిలిచిపోవును. ఉన్నవి కొద్ది యంత్రములు గనుక, "ముట్టవలదు" అనునది ఆ గదికి కట్టుబాటయ్యెను.

ఈ చిక్కునకు విరుగుడు వర్చువలైజేషను. అనగా బలమైన యొక కంప్యూటరులో, సాఫ్ట్‌వేరు సహాయమున, వేరువేరు కంప్యూటరులున్నట్లు ఏర్పరచుట. పెద్ద లోగిలిని వాటాలుగా పంచినప్పుడు, ఒక వాటాలో పొయ్యి ఆరినను పక్కవాటాలో వంట ఆగదు గదా! ఇదియు నట్టిదే. ఐ.బి.ఎం. వారు 1960 దశకముననే తమ పెద్ద యంత్రములపై దీనిని సాధించిరి. ఇంటెల్, ఎ.ఎం.డి. సంస్థలు 2005, 2006 సంవత్సరములలో సామాన్య ప్రాసెసరులందును దీనికి తగిన శక్తిని కల్పించినవి. ఫాబ్రిస్ బెల్లార్డ్ అను ఫ్రెంచివాడు 2003లో క్యూఎమ్యును వెలువరించెను; 2007లో కె.వి.ఎం. లినక్సు కెర్నెలున చేరెను. ఈ రెండును మూలరచనతో సహా ఎల్లరకును లభించును, రుసుము లేదు.

గత వేసవి సెలవులలో, ఒక వ్యాపారి పాతదని విడిచిన సర్వరును తెచ్చి, ఇద్దరు విద్యార్థులతో కూర్చుండి ఈ పనికి పూనుకొంటిని. మొదట ప్రాసెసరు వివరములు చూచితిమి. ఇంటెలుదైనచో వి.ఎం.ఎక్స్. అనియు, ఎ.ఎం.డి.దైనచో ఎస్.వి.ఎం. అనియు గుర్తు కానవలెను. శక్తి యున్నను దానిని బయోసునందు మూసియుంచుట కలదు. మా యంత్రమున నట్లే యుండగా తెరచితిమి. పిమ్మట డెబియన్ లినక్సుపై క్యూఎమ్యును, యంత్రములను నడిపించు లిబ్‌వర్టును దింపుకొని, మా వాడుకపేరును లిబ్‌వర్టు గుంపున చేర్చి, లోపలి నెట్‌వర్కును మేల్కొలిపితిమి. ఉన్న 16 గిగాబైట్ల మెమరీలో 4 సర్వరునకే విడిచి, తక్కినదానిని రెండేసి చొప్పున 6 యంత్రములకు పంచితిమి. ప్రతి యంత్రపు డిస్కును సర్వరునందు ఒక ఫైలు మాత్రమే. దానికి 20 గిగాబైట్లని హద్దు పెట్టినను, వాడినంత మేరకే అది పెరుగును.

పాఠశాల తెరచిన తరువాత పిల్లలను ఆరుగురి చొప్పున కూర్చుండబెట్టితిని. ప్రతి యంత్రపు అప్పటి స్థితిని భద్రపరచితిని, దీనినే స్నాప్‌షాటందురు. తరువాత, "మీ ఇష్టము వచ్చినది చేయుడు" అంటిని. ఒక బాలిక వ్యవస్థకు ముఖ్యములైన ఫైళ్లను కావలయుననియే చెరిపివేసెను. ఆమె యంత్రము నిలిచిపోయెను. తక్కిన ఐదుగురి పని నిలువలేదు. స్నాప్‌షాటునకు మరలించగా యంత్రము యథాప్రకారము లేచెను.

"మరల చెరపవచ్చునా, మాస్టారూ?" అని ఆమె యడిగెను.

"చెరుపుము. అయితే ఏ ఫైలు పోయినందున నిలిచినదో నాకు చెప్పవలెను," అంటిని.

ఆ గంట ముగియులోపల ఆమె నాలుగు మారులు చెరిపి, ఒక్కొక్క ఫైలు పనియేమో తెలిసికొని, తక్కినవారికి తానే చెప్పజొచ్చెను. ముట్టవలదన్న గదిలో ఇట్టి పాఠము జరుగనేరదు.

ఈ పద్ధతికి హద్దులును గలవు. సర్వరు చెడినచో ఆరు యంత్రములును ఒక్కసారి నిలుచును. స్నాప్‌షాటు సాధారణముగా అదే డిస్కుపై నుండును గనుక, అది వేరుచోట దాచిన ప్రతికి సాటి కాదు. కరెంటు పోవు దినములలో యు.పి.ఎస్. లేక తీరదు.

తల్లిదండ్రులకు నా మనవి యొకటి. సొమ్ము లేదని సాఫ్ట్‌వేరు దొంగప్రతులు తెచ్చుకొనుట పలుచోట్ల వాడుకయై యున్నది. లినక్సు, కె.వి.ఎం. వంటివానిని ప్రతిచేయుటకును, మార్చుటకును, పొరుగువారికి పంచుటకును లైసెన్సే అనుమతి నిచ్చుచున్నది. బీదపిల్లవాడు తలయెత్తుకొని నేర్వదగిన మార్గమిది. విద్యార్థులారా! విప్పుటకు వెరవకుడు, విప్పకముందు ఒక ప్రతిని వేరుచోట దాచుకొనుడు.