తొమ్మిదో చుట్టు

10 ఫిబ్రవరి 2025, సోమవారం

గోదాము మూలన టార్పాలిన్ లాగాం. పదకొండేళ్ల తర్వాత నాన్న కారు వెలుగు చూసింది. కాగితాల్లో అది ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు, ఎప్పుడూ ఫియట్టే. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేరు. డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూస్తే గానీ కారు చేతికి రాని రోజులవి.

ఎయిర్ క్లీనర్ మూత తీస్తే ఎలుకల గూడు. సగం పత్తి, సగం మిరప తొడిమలు. "మీ ఎలుకలు కూడా కమీషన్ వ్యాపారమే బాబాయిగారూ" అన్నాడు మేస్త్రి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి, ఫ్యాన్ బెల్టు పట్టుకుని ఇంజన్‌ను చేత్తో తిప్పాడు. నయమే, పట్టేయలేదు. ట్యాంకులో పాత పెట్రోలు వార్నిష్ కంపు కొడుతోంది. గొట్టంతో లాగేశాం. కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదాం. కొత్త బ్యాటరీ, ఐదు లీటర్ల పెట్రోలు. మూడో సెల్ఫుకి అందుకుంది. ఆ శబ్దం వినగానే మా ఆవిడ వంటింట్లోంచి గోదాము దాకా వచ్చేసింది, చేతిలో గరిటె కూడా దించకుండా.

12, బుధవారం

ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేసి ఏళ్లకు రెన్యువల్. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసి సరే అనేదాకా రోడ్డెక్కకూడదు. అందుకని జిన్నింగు మిల్లు ఆవరణలోనే తిప్పుతున్నా, పత్తి బోరేల చుట్టూ. కూలి ఆడవాళ్లు లెక్కపెడుతున్నారు, గుడి చుట్టూ ప్రదక్షిణలన్నట్టు. తొమ్మిదో చుట్టులో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. పావుగంట ఆగి సెల్ఫు కొడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయింది.

ఊళ్లో అందరూ డాక్టర్లే. కాయిల్ అన్నారు. వేడెక్కితే చస్తుంది, చల్లారితే బతుకుతుంది అని. నాకూ నిజమే అనిపించింది.

13, గురువారం

గుంటూరు నుంచి కాయిలూ, కండెన్సరూ తెప్పించి మార్చాం. ఎనిమిదో చుట్టులో ఆగింది. డబ్బు పోసి ఒక చుట్టు పోగొట్టుకున్నా.

తర్వాత అనుమానం పెట్రోలు లాగే ఏసీ పంపు మీదికి వెళ్లింది. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరుకు అది పడదు, డయాఫ్రం ఉబ్బి చీలుతుంది. ఎలాగూ మార్చాల్సిందే గనక మార్చాం. వేడెక్కకుండా పంపు మీద తడిగుడ్డ కూడా వేశాం. మళ్లీ తొమ్మిదో చుట్టే.

అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్: "నాన్నా, అమ్మేయండి." బొంబాయిలోనే చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబర్‌లో రోడ్డు దిగిపోయిందని నాకు గుర్తు చేసింది. అది టాక్సీ అమ్మా, ఇది కాదు అన్నాను. ఏం తేడానో నాకే తెలీదు.

16, ఆదివారం

మేస్త్రి ఇవాళ సామాను వెనక సీట్లో పెట్టుకుని నాతోపాటే ఎక్కాడు. ఆగిన ప్రతిసారీ మేం చేసిందేమిటి? టీ తాగి, చల్లారాక బానెట్ ఎత్తడం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు.

తొమ్మిదో చుట్టులో ఆగీ ఆగగానే దూకాడు. ప్లగ్గు వైరు ఊడదీసి బాడీ దగ్గర పెట్టి సెల్ఫు కొట్టమన్నాడు. నీలంగా, టప్‌మని నిప్పురవ్వ. కరెంటుకు ఢోకా లేదు. కార్బొరేటర్ మూత తీశాడు. పెట్రోలు ఉండాల్సిన గిన్నె ఎండిపోయి ఉంది! ఒక్క నిమిషం పని. కాయిల్ డబ్బులు అప్పటికే గుంటూరులో ఖర్చయిపోయాయి.

ట్యాంకు మూతకు గాలి రంధ్రం పూడుకుపోయినా ఇలాగే ఆగుతుందట. మూత తిప్పితే బుస్సుమనాలి. అనలేదు.

17, సోమవారం

సెలైన్ బాటిల్లో పెట్రోలు పోసి, బానెట్ పక్కన కట్టి, గొట్టం పంపు నోటికి తగిలించాడు. రోగికి ఎక్కించినట్టే. బాటిల్ నింపుకుంటూ పద్నాలుగు చుట్లు, ఒక్క దగ్గు లేదు. అంటే పంపు నుంచి ఇంజన్ దాకా దోషం లేదు, ఉన్నదంతా వెనకే. తర్వాత ట్యాంకు నుంచి వచ్చే పైపులోకి సైకిల్ పంపుతో గాలి కొడితే ట్యాంకులో గుడగుడమంది. అంటే పైపు పూడుకుపోలేదు. దాన్ని మళ్లీ తగిలిస్తే బండి సరిగ్గా తొమ్మిది చుట్లే తిరిగింది.

18, మంగళవారం

ట్యాంకు దించాం. బోర్లించి కుదిపితే తుప్పు పెచ్చులు, వాటి వెనకే నిమ్మకాయంత నల్లటి ముద్ద. నడుస్తున్నంతసేపూ పెట్రోలుతోపాటు కొంచెం కొంచెంగా పైపు మూతి దగ్గరికి జరిగి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగితే లాగే బలం పోయి విడిపోయి అడుగుకు జారుతుంది. పావుగంట రహస్యం అదీ. కాయిల్ మీద వేసిన నింద దీనికీ సరిగ్గా సరిపోతుంది: కాసేపు ఆగితే బాగవుతుంది.

మేస్త్రి దాన్ని నా చేతిలో పెట్టాడు. నా వేళ్లు వాటంతటవే పని చేశాయి. ముద్దలోంచి కాస్త తీసి రెండు బొటనవేళ్ల మధ్య లాగాను, బోరేలో పింజ చూసినట్టు. లోపలంతా దూది. అప్పుడు గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట ట్యాంకు మూత పోతే, కొత్తది దొరికేదాకా ఆ మూతికి ఈ మిల్లు పత్తే కుక్కింది నేను. మూత దొరికిన రోజు ఆ పత్తి ఏమైందని ఎవరూ అడగలేదు. లోపలికి జారిపోయి ఉంటుంది.

మేస్త్రికి చెప్పలేదు. ఎలుకలు అన్నాను. ట్యాంకు మూతి వైపు చూసి, నా వైపు చూసి, "అంతే బాబాయిగారూ" అన్నాడు.

25, మంగళవారం

ట్యాంకు కడిగి బిగించాం, దారిలో ఒక చిన్న ఫిల్టర్ కూడా. ఉదయం ఇరవై ఒక్క చుట్లు. ఇవాళ లెక్కపెట్టేవాళ్లు తక్కువ, సగం మంది మిరప కోతలకు పోయారు. మిర్చికి క్వింటా 11,781 రూపాయలన్న కేంద్రం ధర మీదే కాటా దగ్గర మాటలన్నీ, కారు సంగతి ఎవరికీ పట్టలేదు. రేపు శివరాత్రి, కోటప్పకొండ వైపు ప్రభలు కదులుతున్నాయి. బ్రేకు ఇన్‌స్పెక్టరు దగ్గరికి గురువారం.

మేస్త్రికి డబ్బులిచ్చేటప్పుడు చెప్పేశాను, పత్తి నాదేనని. నోటు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఆ రోజే తెలుసు. ఎలుక తెచ్చిన దూదిని పింజ చూస్తారా ఎవరైనా?" అన్నాడు.